రద్దీలో కారు వేడెక్కుతోంది, వాటర్ పంపు మార్చక తప్పదా?

విజయనగరం వాసి:
పొద్దుటి నుంచి బానెట్ ఎత్తి అక్కడే నిలబడ్డాను, విసుగు పుట్టింది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాకా లేస్తోంది. ఇంజన్‌ను చల్లార్చే కూలెంట్ ద్రవం డబ్బాలో మట్టం సరిగానే ఉంది, కింద ఎక్కడా కారడం లేదు. రేడియేటర్ కడిగించిన మెకానిక్, ఇప్పుడు కూలెంట్‌ను ఇంజన్‌లో తిప్పే వాటర్ పంపు మార్చాలంటున్నాడు. దానికి టైమింగ్ బెల్టు దాకా విప్పాలట, ఖర్చు చిన్నది కాదు. ఇది నిజంగా అవసరమా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సాలూరు నుంచి:
పెట్రోలా, డీజిలా? ఎప్పుడు వేడెక్కుతోంది? రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా?

శ్రీకాకుళం మాస్టారు:
రేడియేటర్ కడిగాక అందులో ఏం పోశారన్నది ముందు తేలాలి. మన వైపు చాలా షెడ్లలో బోరు నీళ్లు పట్టి మూత బిగించేస్తారు. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి పెచ్చుగా పేరుకుని, రేడియేటర్‌లోని సన్నని గొట్టాలను లోపలి నుంచి పూడ్చుకుంటూ వస్తాయి. మన దగ్గర మంచు కురవదు కదా, గడ్డకట్టకుండా చూసే కూలెంట్ ఎందుకని వాదించేవారు, అది తుప్పును ఆపుతుందనీ, మరుగు స్థానాన్ని పెంచుతుందనీ గమనించాలి. మూతలోని స్ప్రింగు సుమారు 1 బార్ పీడనాన్ని నిలిపి ఉంచితే వట్టి నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు అరిగి ఆ పీడనం జారిపోతే మాత్రం 100 డిగ్రీలకే పొంగుతుంది. వేడి మీద ఆ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి, ఆవిరి మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

నెల్లిమర్ల వాసి:
ఇంత చర్చ అక్కర్లేదండీ. థర్మోస్టాట్ వాల్వు తీసేయించండి. మన ఎండలకు అది అనవసరం, నా పాత జీపులో ఎప్పుడో తీసేశారు.

సాలూరు నుంచి:
తీయించకండి. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే ఆ వాల్వు సుమారు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునేలా చేస్తారు. అది లేకపోతే ఇంజన్ తన వేడికి రావడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా ఆ వాల్వే కాబట్టి, అది తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి వచ్చి వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో వేసి తెరుచుకుంటుందో లేదో చూడండి.

నెల్లిమర్ల వాసి:
నా పాత జీపులో మీరు చెప్పిన బైపాస్ బాధ రాలేదు. అనుభవంతో చెప్పాను.

విజయనగరం వాసి:
పెట్రోలు కారు. మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం దాకా రద్దీలో మెల్లగా వెళ్తుంటే ముల్లు లేస్తోంది, జాతీయ రహదారి ఎక్కితే దిగిపోతోంది. ఆగి ఉన్నప్పుడు ఏసీ కూడా చల్లగా రావడం లేదు గానీ, అది వేరే సంగతి.

సాలూరు నుంచి:
వేరే సంగతి కాదండీ, అసలు సంగతి అదే. కారు వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌నూ, దాని ముందున్న, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌నూ చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. పంపు పాడైతే ఇంజన్ మీద భారం పెరిగేకొద్దీ ముల్లు లేవాలి గానీ దిగకూడదు. మా ఊరి నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కే లారీలకు పంపు లోపం ఆ ఎక్కుడులోనే బయటపడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఏసీ వేయండి. ఫ్యాన్ తిరగకపోతే ఫ్యూజు, ఫ్యాన్‌కు కరెంటు కలిపే రిలే చూసి, ఆ తరువాత ఇంజన్ ఆపి, ఫ్యాన్ తీగల ప్లగ్గు ఊడదీసి, మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా తీగలు ఇప్పించండి. రెక్కల దగ్గర చెయ్యి పెట్టకండి, తాళం తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాన్ ఒక్కసారిగా తిరుగుతుంది.

విజయనగరం వాసి:
ఏసీ వేసినా ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజు బాగానే ఉంది. నేరుగా కరెంటు ఇచ్చినా మోటారు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది.

సాలూరు నుంచి:
అయితే మోటారే పోయింది. కొత్తది బిగించే ముందు, ఏసీ వేసి ఉంచి ఆ ప్లగ్గు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడమనండి, ఎందుకంటే మోటారు బిగుసుకుపోయినప్పుడు రిలే కూడా కాలిపోతుంటుంది. ముల్లు ఎరుపు దాకా వెళ్లింది కనుక డిప్‌స్టిక్ తీసి చూడండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడి ఉంటే, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

విజయనగరం వాసి:
ఆయిల్ మామూలుగానే ఉంది. మోటారు రేపు వస్తుందట. ధన్యవాదాలు.