డీవీడీలో మాట ముందు, బొమ్మ వెనక: హరికథ వీడియోకి ఆడియో సాగదీయొచ్చా?

పల్లెకెమెరా: మా తాతయ్య రామాలయంలో హరికథ చెబితే ఫోన్‌తో తీశాను, ఆడియో విడిగా చిన్న రికార్డర్‌లో పట్టాను. ఎడిటింగ్ నేనే చేసుకున్నాను, మొత్తం 58 నిమిషాలు. కంప్యూటర్లో బాగానే ఉంది. డీవీడీ రాసి చూస్తే మొదట్లో సరిగ్గా ఉండి పోను పోను మాట ముందుకెళ్ళిపోతోంది, చివర మంగళం దగ్గర తాతయ్య నోరు తెరవకముందే పాట వచ్చేస్తోంది. అమెరికాలో మామయ్యకి కూడా ఒక కాపీ పంపాలి, అక్కడ చాలా ప్లేయర్లలో మన టీవీ పద్ధతి అయిన పాల్ డిస్క్ ఆడదని, అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ పెట్టాను. తాతయ్యకి 84 ఏళ్ళు. ఆదివారం ఊరెళ్తున్నాను, నాలుగు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

చీరాల_శీను: తక్కువ స్పీడులో రాయి బ్రో, సెట్ అయిపోద్ది.

రీలుబాబు: రాసే స్పీడుకీ దీనికీ సంబంధం లేదు శీనూ. రాయడం చెడితే డిస్క్ ఆగి ఆగి ఆడుతుంది, మాట ఇలా మెల్లగా జరగదు. కెమెరా గారూ, ముందు కొలవండి. మొదట్లో, సగంలో, చివర ఒక్కో చిడతల దెబ్బ పట్టుకుని బొమ్మకీ శబ్దానికీ ఎంత తేడా ఉందో రాసుకోండి. మూడు చోట్లా ఒకటే తేడా అయితే ఆడియోని అంత జరిపితే చాలు, ఒక్కోసారి టీవీయే బొమ్మని ఆలస్యంగా చూపిస్తుంది కూడా. సమానంగా పెరుగుతూ పోతే ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) అనే లెక్క, దాని గొడవ. ఒకచోట ఠక్కున మారితే ఫోన్‌ని అనుమానించాలి, గుడిలో లైటు తక్కువైతే కొన్ని ఫోన్లు సెకనుకి తీసే ఫ్రేములు వాటంతటవే తగ్గించేస్తాయి.

పల్లెకెమెరా: మొదట సున్నా, సగంలో 1.7 సెకన్లు, చివర 3.5. ఎడిటింగ్ ప్రాజెక్టు సెకనుకి 30 ఫ్రేములు.

రీలుబాబు: దొరికింది. ఎన్‌టీఎస్‌సీ డీవీడీ 29.97. మీ డిస్క్ సాఫ్ట్‌వేర్ అవే ఫ్రేములని వెయ్యికి ఒక వంతు నిదానంగా ఆడిస్తోంది. 58 నిమిషాలంటే 3480 సెకన్లు, అందులో వెయ్యో వంతు మూడున్నర, మీ లెక్క అదే. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఆడియో 0.1 శాతం నిదానం చేసి, శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) 48 కిలోహెర్ట్జ్ పెట్టి సేవ్ చేయండి, డీవీడీకి 44.1 కుదరదు. అరగంట పని.

శ్రుతిపెట్టె: దయచేసి ఆడియో ముట్టుకోవద్దు. హరికథకి శ్రుతే ప్రాణం. తప్పు జరిగింది బొమ్మలో, బొమ్మనే సరిచేయండి.

రీలుబాబు: శ్రుతి తేడాని సెంట్లలో కొలుస్తారు, అర స్వరానికి వంద సెంట్లు. 0.1 శాతానికి తగ్గేది రెండు సెంట్లు కూడా కాదు, ఎవరికీ తెలియదు. అదీ వద్దంటే ఆడాసిటీలోనే చేంజ్ టెంపో ఉంది, వేగం ఒక్కటే మారుతుంది, శ్రుతి అసలు కదలదు.

శ్రుతిపెట్టె: చేంజ్ టెంపో చిడతల మీద వాడి ఎప్పుడైనా విన్నారా? శబ్దాన్ని ముక్కలు చేసి మళ్ళీ అతుకుతుంది. దెబ్బ మెత్తబడిపోతుంది, ఒక్కోచోట రెండుసార్లు పడినట్టు వినిపిస్తుంది. మృదంగానికీ అంతే.

రీలుబాబు: నేను మొదట చెప్పింది స్పీడ్ మార్చమని, టెంపో కాదు. సరిగ్గా చదవండి.

శ్రుతిపెట్టె: రెండూ మార్చడమే. 30లో చేసిన ప్రాజెక్టుని 29.97లో మళ్ళీ కూర్చుకోవాలి, అదే పద్ధతి.

రీలుబాబు: నాలుగు రోజుల్లో కటింగులన్నీ మళ్ళీ చేయమంటారా? మీరు చేసి పెడతారా?

అమ్మాజీ: పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పోదా?

పల్లెకెమెరా: తాతయ్యకి డిస్క్ పెట్టి బటన్ నొక్కడమే వచ్చండి. పెన్‌డ్రైవ్ అయితే ఎవరైనా వచ్చి పెట్టేదాకా కూర్చోవాలి.

శ్రుతిపెట్టె: రీలుబాబు గారూ, మీకు ఇది అరగంట పని. మా నాన్న నాదస్వరం వాయించిన పెళ్ళి క్యాసెట్ ఒకటి ఉండేది. దాన్ని డీవీడీ చేసిన షాపువాళ్ళు సింక్ కుదరలేదని నాన్న వాయింపు తీసేసి సినిమా పాటలు పెట్టారు. క్యాసెట్ తిరిగివ్వలేదు. ఆయన వాయింపు ఇంకెక్కడా లేదు. "ఎవరికీ తెలియదు" అని మీరు రాయగానే నాకు ఆ షాపే గుర్తొచ్చింది.

రీలుబాబు: నేనూ ఇరవై ఏళ్ళు పెళ్ళి వీడియోలు తీసినవాడినే, ఒక్క క్యాసెట్ పోగొట్టలేదు, నన్ను వాళ్ళతో కలపకండి. మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. మా అమ్మ షష్టిపూర్తి వీడియోకి రంగు సరిగ్గా రాలేదని, ఆడియోలో గాలి చప్పుడుందని ఏడు నెలలు పక్కన పెట్టాను. ఆమె చూడకుండానే పోయింది. ఇప్పుడా డిస్క్ అద్భుతంగా ఉంది, చూడాలంటే నాకు చెయ్యి రాదు. 84 ఏళ్ళాయనకి ఆదివారం చూపించాలంటుంటే మీరు రెండు సెంట్ల గురించి పట్టుబడుతున్నారు.

శ్రుతిపెట్టె: అమ్మగారి సంగతి నాకు తెలియదు, బాధగా ఉంది. కానీ ఆయన చూడటం ఒక్కటే కాదు, ఆయన గొంతు తర్వాతవాళ్ళకి కూడా ఉండాలి. సాగదీసిన ఆడియోనే అసలుదనుకుని రేపు పిల్లలు దాచుకుంటారు.

చీరాల_శీను: ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది అన్నా.

అమ్మాజీ: మళ్ళీ కూర్చాల్సిన పని లేదేమో. పూర్తయిన ఫైలుని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 29.97, కాన్‌స్టంట్ (మొదటినుంచి చివరిదాకా ఒకే రేటు) పెట్టి ఒకసారి మార్చండి. నిడివి మారదు, ఆడియో వేగం మారదు, సుమారు 33 సెకన్లకి ఒక్క ఫ్రేము తీసేస్తుంది అంతే. ఆ ఫైలుతో డిస్క్ చేయండి. మా మేనకోడలి డాన్స్ వీడియోకి ఇలాగే చేశాను. ముందు ఆర్‌డబ్ల్యూ డిస్క్ మీద రాసి చూసుకోండి, బాగా రాకపోతే చెరిపేయొచ్చు.

రీలుబాబు: రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది, అంటే వీడియోని రెండుసార్లు కుదించి రాస్తుంది, బొమ్మ కొంచెం దెబ్బతింటుంది. క్వాలిటీ ఎక్కువ పెట్టుకోండి.

పల్లెకెమెరా: అమ్మాజీ గారు చెప్పినట్టు ఆర్‌డబ్ల్యూ మీద రాసి ఇప్పుడే చివరిదాకా చూశాను. మంగళం దగ్గర చిడతలూ చెయ్యీ కలిశాయి. బొమ్మలో తేడా నాకేం కనపడలేదు. అందరికీ చాలా థ్యాంక్స్. రీలుబాబు గారూ, ఆడియోలో ట్యూబ్‌లైట్ గీ చప్పుడు ఉంది, అది తీసేయొచ్చా?

రీలుబాబు: తీయొచ్చు, నాయిస్ రిడక్షన్ పది నిమిషాలు.

శ్రుతిపెట్టె: డిస్క్ కాపీలో ఏం చేసుకున్నా సరే. రికార్డర్‌లో ఉన్న అసలు ఫైలు మాత్రం ఈ రాత్రే రెండు చోట్ల దాచండి, ఒకటి మామయ్యకి పంపండి.

పల్లెకెమెరా: మామయ్యకి అప్‌లోడ్ అవుతోందండి, 40 శాతం అయింది.