మొదటి మెన్‌స్ట్రువల్ కప్పు: సైజు దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ప్రశ్న

ఇన్నేళ్లూ ప్యాడ్లే వాడాను. తొడల దగ్గర ఒరుసుకుపోయి మండడం భరించలేక, యోనిలో పెట్టుకుంటే నెలసరి రక్తాన్ని లోపలే పట్టే కప్పుకు మారాలనుకుంటున్నాను. సైజుల పట్టికల్లో మాత్రం ముప్పై దాటినవారికీ, సాధారణ కాన్పు అయినవారికీ పెద్దది, మిగిలినవారికి చిన్నది అని రాసి వదిలేశారు. నాకు 27 ఏళ్లు, కాన్పు కాలేదు, కానీ మొదటి రెండు రోజులు రక్తస్రావం ఎక్కువ. చిన్నదైతే నిండి కారిపోతుందేమోనని, పెద్దదైతే లోపలికి వెళ్లదేమోనని భయంగా ఉంది. వాడుతున్నవారు దేన్ని చూసి ఎంచుకున్నారో దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

వయసు కన్నా ముందు మీ గర్భాశయ ముఖద్వారం ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. నెలసరి రోజుల్లో చేతులు శుభ్రంగా కడుక్కుని, గొంతుక్కూర్చుని చూపుడువేలు లోపలికి పోనిస్తే, ముక్కు కొనలాగా కాస్త గట్టిగా, మధ్యలో చిన్న గుంటతో వేలికి తగిలేదే ముఖద్వారం. మొదటి కణుపు లోపలికి వెళ్లగానే తగిలితే అది కిందికి ఉన్నట్టు. వేలంతా వెళ్లినా అందీ అందనట్టుంటే పైకి ఉన్నట్టు. నెలసరి రోజుల్లోనే అది పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి ఒక్కరోజు చూసి నిర్ణయించుకోకండి.

నేను ఇదేమీ తెలియక పట్టికను నమ్మి పొడవైనది కొన్నాను. నా ముఖద్వారం కిందికి ఉండడంతో కప్పు అడుగున ఉండే కాడ బయటికి పొడుచుకువచ్చి, కూర్చున్నప్పుడల్లా గుచ్చుకునేది. కప్పు బయటికి తీసి కాడను కొద్దికొద్దిగా కత్తిరించినా ఇబ్బంది పోలేదు, ఎందుకంటే కప్పే పొడవు. పొట్టి కప్పుకు మారాకే అది లోపల ఉన్న సంగతి మరిచిపోగలిగాను.

రెండో జవాబు

రక్తస్రావం గురించి మీరు అంత భయపడనక్కరలేదండీ. నెలసరి మొత్తంలో పోయే రక్తం సాధారణంగా 80 మిల్లీలీటర్లకు మించదు. కప్పుల్లో ఎక్కువ భాగం 15 నుంచి 30 మిల్లీలీటర్లు పడతాయి. చిన్న కప్పయినా ఎక్కువగా అయ్యే రోజుల్లో నాలుగైదు గంటలకోసారి ఖాళీ చేసుకుంటే సరిపోతుంది.

నా అనుభవంలో కారిపోవడం నిండినందువల్ల కాదు, లోపల పూర్తిగా విచ్చుకోనందువల్ల జరిగేది. మరీ మెత్తని కప్పు మడత విప్పుకోదు, మరీ గట్టిది మూత్రాశయాన్ని నొక్కి మాటిమాటికీ వెళ్లాలనిపించేలా చేస్తుంది. అందుకే మొదటిసారికి మధ్యస్థమైన గట్టిదనం మేలని నా అభిప్రాయం. అంచును ఒకవైపు లోపలికి నొక్కి మడిస్తే కొన సన్నబడి తేలిగ్గా వెళ్తుంది. పెట్టాక అడుగుభాగం చుట్టూ వేలు తిప్పి చూడండి, సొట్ట తగిలితే ఇంకా విచ్చుకోలేదన్నమాట. తీసేటప్పుడు కాడ పట్టి లాగకండి. అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి, పట్టు వదిలాకే నెమ్మదిగా తీయాలి.

మూడో జవాబు

కాపర్-టి ఉన్నవారు అది కదిలే అవకాశం ఉంది కనుక ముందుగా డాక్టరును అడగాలి. లేటెక్స్ రబ్బరు పడనివారు మెడికల్ గ్రేడ్ సిలికోన్‌దే తీసుకోవాలి. మొదటిసారి వాడే ముందూ, ప్రతి నెలసరికి ముందూ కప్పును ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించాలి. గంట, రెండు గంటలకే పెద్ద ప్యాడ్ తడిసిపోయేంతగా అవుతుంటే మాత్రం, కప్పు సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అంత ఎక్కువ కాదు, నాకు ప్యాడ్ మూడు నాలుగు గంటలు ఆగుతుంది. వచ్చే నెలసరిలో మూడు రోజులు ముఖద్వారం ఎత్తు చూసుకుని, ఆ తర్వాతే కొంటాను.