వారమంతా నిద్ర లేక ఆదివారం ఎక్కువ పడుకుంటే బాకీ తీరుతుందా?

దీపపుసెమ్మె:
సూటిగా అడుగుతున్నా. సోమవారం నుంచి శనివారం దాకా నాకు రోజుకి ఐదు గంటల నిద్ర కూడా దక్కదు, అదీ ముక్కలు ముక్కలుగా. ఆదివారం మాత్రం పదకొండింటి దాకా లేవను. ఇంట్లో దీన్ని బద్ధకం అంటున్నారు, నేను బాకీ తీర్చుకోవడం అంటున్నా. పోయిన వారం ఫోన్ మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు పట్టేసింది, అవతలివాళ్ళు హలో హలో అని అరుస్తుంటే మెలకువ వచ్చింది. ఆదివారం నిద్ర పనికొస్తుందా లేదా?

తొలికోడి:
పనికిరాదండీ, పైగా ఉన్నది చెడగొడుతుంది. నాలుగేళ్ళు నిద్ర పట్టక అల్లాడినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. పదింటికి మంచం ఎక్కడం, రెండింటి దాకా పైకప్పు చూస్తూ దొర్లడం, అదీ నా బతుకు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది, నిద్ర తన్నుకొచ్చేది దానివల్లే. ఆదివారం పదకొండింటికి లేస్తే రాత్రి పదకొండుకి అది సరిపడా ఎక్కడ పోగవుతుంది, సోమవారం మళ్ళీ కళ్ళమంటలు. నాకు డాక్టర్ చెప్పిందేంటంటే, వారంలో ఏడు రోజులూ ఒకే టైమ్‌కి లేవాలి, నిద్రొస్తేనే మంచం ఎక్కాలి, ఓ ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి వేరే గదిలోకి పోవాలి. మంచం మీద ఉండే టైమే ఆరు గంటలకి కుదించేశారు. మొదటి రెండు వారాలు నరకం చూశా, ఆరో వారానికి పడుకోగానే నిద్ర. క్రమశిక్షణ తప్ప వేరే మందు లేదు.

రవి_టైప్స్:
నాకు పదేళ్ళుగా ఆరు గంటలే. అలవాటైపోతుంది.

నైట్‌డ్యూటీ:
అలవాటైందని మనకి అనిపిస్తుంది అంతే రవి గారూ. 2003లో వాన్ డాంగెన్ అనే నిద్ర పరిశోధకుడి బృందం చేసిన ప్రయోగం ఉంది, 14 రోజులపాటు కొందరికి ఆరు గంటలు, కొందరికి నాలుగు గంటలు నిద్ర ఇచ్చి రోజూ పరీక్షలు పెట్టారు. మెదడు పనితీరు రోజురోజుకీ పడిపోతూనే ఉంది, చివరికొచ్చేసరికి ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయనివాళ్ళ స్థాయికి దిగజారింది. కానీ మత్తుగా ఉందా అని అడిగితే మొదటి కొద్ది రోజుల తర్వాత పెద్దగా పెరగలేదన్నారు. తగ్గిపోయామని వాళ్ళకే తెలియలేదు. నైట్ షిఫ్టుల్లో నేను రోజూ చూసేదీ అదే.

రవి_టైప్స్:
మరి ర్యాండీ గార్డనర్ అనే కుర్రాడు 264 గంటలు మేలుకుని బాగానే ఉన్నాడుగా.

నైట్‌డ్యూటీ:
బాగా ఏం లేడు. 17 ఏళ్ళవాడు, 1964 జనవరిలో ముగించాడు. వంద నుంచి ఏడు చొప్పున తీసేస్తూ చెప్పమంటే 65 దగ్గర ఆగిపోయాడు, ఏమైంది అంటే ఏం చేస్తున్నానో మర్చిపోయా అన్నాడు.

దీపపుసెమ్మె:
ఆ తర్వాత ఆ కుర్రాడు 14 గంటలు పడుకునే తేరుకున్నాడని నేనూ చదివాను. అంటే పడుకుంటే తీరుతుందనేగా, నేనడిగేది అదే.

తొలికోడి:
ఒక్కసారి పడుకోవడం వేరు, ప్రతి ఆదివారం పడుకోవడం వేరు. వారానికోసారి నాలుగైదు గంటలు లేటుగా లేవడం అంటే వేరే దేశం వెళ్ళి మర్నాడే తిరిగొచ్చినట్టు, ఒంట్లో గడియారానికి ఏది పగలో ఏది రాత్రో తెలియదు. ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. ఐదు గంటలే దొరుకుతుంది అనేవాళ్ళలో సగం మంది రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాళ్ళే. ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి, సాకులు వాటంతటవే పోతాయి.

దీపపుసెమ్మె:
నా ఫోన్ నా పక్కనే ఉంటుంది. ఎందుకో చెప్తా వినండి. పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి దాంట్లో అలారం మోగాలి. మా నాన్న మంచాన పడి ఏడాదిన్నర అయింది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. తిప్పి, దిండు సర్ది, పక్క తడిస్తే మార్చి, నేను మళ్ళీ పడుకునేసరికి అరగంట. మా తమ్ముడు పక్క గదిలో తలుపేసుకుని పడుకుంటాడు. నీకు అలవాటేగా అక్కా అంటాడు. ఆదివారం ఒక్కరోజు పగటిపూట మనిషి వస్తుంది, అందుకే ఆ పొద్దున పడుకుంటా. తొమ్మిదింటికే తలుపు కొట్టి ఇంకా లేవలేదా అనేది కూడా వాడే. సాకులంట.

రవి_టైప్స్:
అయ్యో. ఇది ముందే చెప్పాల్సింది కదండీ.

నైట్‌డ్యూటీ:
ఇద్దరూ రెండు వేరే జబ్బుల గురించి కొట్టుకుంటున్నారు. తొలికోడి గారికి మంచం ఉంది, టైమ్ ఉంది, నిద్ర రాలేదు. అది నిద్రలేమి, మంచం మీద టైమ్ కుదించడం దానికి మంచి వైద్యమే, మందుబిళ్ళ కన్నా ముందు అదే చెప్తారు. ఈవిడకి పడుకునే టైమే లేదు. అసలే ఐదు గంటలు దక్కేవాళ్ళకి ఇంకా కుదించుకోమని చెప్తే ఒళ్ళు దెబ్బతింటుంది.

తొలికోడి:
ఫోన్ మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే. నాలుగేళ్ళు నన్ను అందరూ పాపం అన్నారు గానీ లేచే టైమ్ మార్చుకో అని ఒక్కరూ గట్టిగా చెప్పలేదు, అందుకే నేను గట్టిగా చెప్తా. కానీ లేచే టైమ్ విషయంలో నా మాట నాదే.

దీపపుసెమ్మె:
మీ మాట మా తమ్ముడు చదివితే ఇంకో ఏడాది హాయిగా పడుకుంటాడండీ, నాకు కాలింది అందుకే. అలవాట్లు మార్చుకో, త్వరగా పడుకో అని చెప్పేవాళ్ళు చాలామంది. మూడింటికి ఎవరు లేస్తారు అని మాత్రం ఎవరూ అడగరు.

నైట్‌డ్యూటీ:
అక్కా, రాత్రిని రెండుగా కోయండి. తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా ఒకరు. రెండుసార్లు తెగిన ఐదు గంటల కన్నా తెగని ఐదు గంటలు చాలా నయం. పగలు కుదిరినప్పుడు ఇరవై నిమిషాల కునుకు తీయండి. ఎయిర్ బెడ్ వేస్తే తిప్పే వ్యవధి పెంచొచ్చా అని నాన్నగారి డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు పెంచొద్దు. అప్పటిదాకా ఆదివారం నిద్ర మానొద్దు, పూర్తిగా తీరకపోయినా ఎంతో కొంత తీరుతుంది. బండి మాత్రం నడపకండి. పదిహేడు గంటలు మేలుకుంటేనే చేతులు, చూపు కాస్త తాగినవాళ్ళ లెక్కన ఉంటాయి, మీది ఏడాదిన్నర.

దీపపుసెమ్మె:
మూడింటి అలారం, ఐదింటి అలారం ఈ రాత్రికి వాడి ఫోన్లో పెట్టించా. నిన్న మీరంతా రాసింది చదివి వినిపించాకే ఒప్పుకున్నాడు.

దీపపుసెమ్మె:
మూడింటికి మోగింది. చాలాసేపు మోగింది, నేను పిడికిలి బిగించి అలాగే పడుకున్నా. తర్వాత వాడి తలుపు తీసిన చప్పుడు, నాన్న దగ్గు, దిండు సర్దిన చప్పుడు. వాడు బాగానే తిప్పాడు. కానీ నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, చెవులన్నీ ఆ గదిలోనే. తొలికోడి గారూ, మీరు లేచి వేరే గదిలోకి పొమ్మన్నది ఇలాంటప్పుడేనా?

తొలికోడి:
ఇలాంటప్పుడేనమ్మా. కానీ నాన్నగారి గదిలోకి మాత్రం వెళ్ళొద్దు. లైటు తక్కువ పెట్టుకుని కూర్చోండి, గడియారం చూడొద్దు, రెప్పలు బరువెక్కాకే మళ్ళీ పడుకోండి. ఆదివారం గురించి ఇప్పుడేం అనను.