స్కూల్ ఆర్కెస్ట్రా: పార్టులు, చెయ్యి, ఆ తర్వాత దీన్నే వృత్తిగా పట్టుకోవడం

తార్నాక_ఫిడేల్:
నమస్తే అండి. సికింద్రాబాద్ వైపు ఒక స్కూల్లో వెస్టర్న్ వయొలిన్ చెబుతున్నాను. జనవరి చివర్లో వార్షికోత్సవం, దానికి ఆర్కెస్ట్రా కావాలన్నారు. పిల్లలు 22 మంది: వయొలిన్లు 9 (అందులో ఇద్దరు కర్ణాటక పద్ధతి), చెల్లోలు 2, ఫ్లూట్లు 2, బి ఫ్లాట్ క్లారినెట్లు 2, ట్రంపెట్ 1, కీబోర్డులు 3, గిటార్లు 2, తబలా 1. వయోలా లేదు. ఎక్కువమంది గ్రేడ్ 2, 3 స్థాయి (సంగీత పరీక్షల్లో తొలి మెట్లు). 12 వారాలు, వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. పాకెల్‌బెల్ కానన్ (ఒకరి వెనక ఒకరు అదే పాట ఎత్తుకునే పాశ్చాత్య రచన) అనుకుంటున్నాను. మూడు ఇబ్బందులు: ఎవరికి వాళ్ళు మొదలుపెడుతున్నారు, పోనుపోను వేగం పెరిగిపోతోంది, క్లారినెట్లు అదే పేజీ చూసి వాయించినా తేడాగా వినిపిస్తున్నాయి. ఇంకో మాట: ముందుముందు కండక్టింగ్ (చేతి సైగలతో ఆర్కెస్ట్రాని నడిపించడం), సంగీత బోధన రెండూ వృత్తిగా చేసుకోవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

బేస్‌లైన్_మాస్టారు:
ముందు క్లారినెట్ల సంగతి. బి ఫ్లాట్ క్లారినెట్ మీద సి అని రాసింది వాయిస్తే బి ఫ్లాట్ పలుకుతుంది. అంటే రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కింద. ట్రంపెట్ కూడా అంతే. వయొలిన్ పేజీ వాళ్ళ ముందు పెడితే పాటంతా ఒక స్వరం తేడాతో పక్కపక్కనే నడుస్తుంది. పిల్లల తప్పేం లేదు. వాళ్ళ పార్టు, అంటే వాళ్ళ వాయిద్యానికి రాసిన పేజీ, ఒక స్వరం పైకి రాయాలి. నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో వాయిద్యం సరిగ్గా ఎంచుకుంటే అదే మార్చేస్తుంది. మామూలు 'ట్రెబుల్' అని పెట్టుకుని రాస్తే మాత్రం మార్చదు.

కానన్ అసలు డి మేజర్‌లో ఉంది. అలాగే ఉంచితే క్లారినెట్లకి ఇ మేజర్ వస్తుంది, 4 షార్ప్‌లు. గ్రేడ్ 2 పిల్లలు అక్కడే చేతులెత్తేస్తారు. మొత్తం ఒక స్వరం దించి సి మేజర్ చేయండి. క్లారినెట్, ట్రంపెట్‌లకి డి మేజర్, 2 షార్ప్‌లతో సరిపోతుంది. తీగ వాయిద్యాలకి సి కష్టం కాదు. మన లెక్కలో రెండు శ్రుతి నుంచి ఒకటి శ్రుతికి దించడమే.

మీ ఎంపిక మాత్రం మంచిది. కానన్ రాసిందే మూడు వయొలిన్లకి, ఒక బేసుకి. వయోలా లేని లోటే రాదు. బేసులో 8 స్వరాల వరుస 28 సార్లు తిరుగుతుంది. ఒక్కో స్వరం ఒక్కో అక్షరం అనుకుంటే అదే ఒక ఆదితాళ ఆవర్తనం. మొదటి వయొలిన్ ఎత్తుకున్న ఆవర్తనం తర్వాత రెండోది, ఇంకో ఆవర్తనం తర్వాత మూడోది అదే పాట ఎత్తుకుంటాయి. పిల్లలకి ఇలా చెబితే బార్లు (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య భాగాలు) లెక్కపెట్టే బాధ ఉండదు. మధ్యలో వచ్చే బాగా వేగమైన వరుసల్ని మొహమాటం లేకుండా కోసేయండి.

9 వయొలిన్లని 3-3-3 గా పంచండి. ఒక పార్టుకి ఇద్దరిని మాత్రం పెట్టొద్దు. ఇద్దరి శ్రుతిలో కాస్త తేడా ఉన్నా కొట్టొచ్చినట్టు వినబడుతుంది, ముగ్గురుంటే కలిసిపోతుంది. బాగా వాయించేవాళ్ళందరినీ ఫస్ట్ వయొలిన్‌లో పోగేస్తే మూడో పార్టు రెండో వారంలోనే కూలిపోతుంది. ఒక్కో గుంపుకి ఒక గట్టి పిల్లో పిల్లాడో ఉండాలి. విల్లు పైకా కిందికా అన్నది మీరే తేల్చి, మొదటి రిహార్సల్‌కి ముందే అన్ని పార్టుల్లో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

మూడు కీబోర్డులూ ఒకే పాట వాయిస్తే వయొలిన్లు వినిపించవు. ఒకటి బేసుని కింది ఆక్టేవ్‌లో, ఒకటి పలచగా తీగల ధ్వనితో నిలబెట్టి, మూడోది ఫ్లూట్లకి తోడు. ఆటో రిథమ్ జోలికి వెళ్ళనివ్వొద్దు. శ్రుతి చేసేటప్పుడు కీబోర్డు ఎ 440 కే అందరూ కలవాలి, ఎందుకంటే తనని తాను మార్చుకోనిది అదొక్కటే. దానికి ముందు కీబోర్డు శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో చూడండి. క్రితం పీరియడ్‌లో ఎవరో నొక్కి వదిలేసిన +1 వల్ల పావుగంట పోతుంది. తబలా కుడి (కుడిచేతి వాద్యం) సాధారణంగా సి షార్ప్ దగ్గర ఉంటుంది, సి కి దింపించండి. దిగకపోతే పెద్ద నోరున్న కుడి తెప్పించండి.

చిన్నకర్ర:
చెయ్యి గురించి. అందరూ విడివిడిగా మొదలుపెట్టడానికి తొంభైపాళ్ళు కారణం ముందు బీట్ సరిగ్గా లేకపోవడం. '1, 2, 3, 4' అని నోటితో లెక్కపెట్టడం మానండి, దానికి అలవాటుపడితే పిల్లలు మిమ్మల్ని చూడరు. మొదటి దెబ్బకి సరిగ్గా ఒక బీట్ ముందు చెయ్యి లేపాలి. ఆ లేపడంలోనే పాట వేగం, పాట బలం రెండూ ఉండాలి, దాంతోపాటే మీరు ఊపిరి తీసుకోవాలి. ఫ్లూట్, క్లారినెట్ పిల్లలు మీతోపాటే ఊపిరి తీసుకుంటారు. నెమ్మది పాటకి గబుక్కున చెయ్యి లేపితే మొదటి బార్ పరుగు, రెండో బార్ తొక్కిసలాట.

నాలుగు బీట్లకి: కిందికి, ఎడమకి, కుడికి, పైకి. ప్రతి బీట్‌కీ దెబ్బ పడే చోటు ఒకే ఎత్తులో, నడుముకి కాస్త పైన ఉండాలి. గాలిలో గుండ్రంగా తిప్పితే బీట్ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. ఎడమ చెయ్యి కుడిచేతికి అద్దంలా తిప్పొద్దు. అది ఎత్తుకోమని సైగ చేయడానికి, తగ్గించమనడానికి, పేజీ తిప్పుకోవడానికి. కండక్టర్ పట్టుకునే కర్ర 30 నుంచి 40 సెంటీమీటర్లు, లావు కొస అరచేతిలో ఆనాలి. మీ స్టాండు నడుము కంటే కిందే ఉంచండి.

వేగం అదుపు తప్పడానికి రెండు కారణాలు. పిల్లలు గట్టిగా వాయించేటప్పుడూ తేలికైన చోటా పరిగెత్తుతారు. మీరు వాళ్ళ వెంట పోతే ఇంకా పెరుగుతుంది. అక్కడ చెయ్యి చిన్నది చేయండి. చిన్న చేతిని చూడ్డానికి తలెత్తాలి, తలెత్తితే వేగం దిగుతుంది. రెండోది దూరం. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, 10 మీటర్ల స్టేజీకి దాదాపు 0.03 సెకను. వెనకున్నవాళ్ళు ముందువాళ్ళని విని వాయిస్తే ఆ మేరకు వెనకబడతారు. వినొద్దు, చూడమనండి. తబలా అబ్బాయిని చెల్లోల పక్కన, మీకు దగ్గర్లో కూర్చోబెట్టండి.

తార్నాక_ఫిడేల్:
ఇద్దరికీ ధన్యవాదాలు. కర్ణాటక పిల్లలిద్దరి వయొలిన్లు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి. ఏం చేయమంటారు?

బేస్‌లైన్_మాస్టారు:
రిహార్సల్‌కి వాళ్ళకి వేరే వయొలిన్లు ఇచ్చి జి-డి-ఎ-ఇ కట్టించండి. ఒకే వయొలిన్‌ని రోజూ అటూ ఇటూ మారిస్తే ఇ తీగ తెగుతుంది, బ్రిడ్జి ముందుకి వాలుతుంది. కింద కూర్చుని వాయించడం మార్చక్కర్లేదు, ఓ పక్కన చిన్న వేదిక చాలు. మూడో పార్టు స్వరాల్లో రాసివ్వండి, గమకం లేకుండా స్వరం నిలబెట్టమనండి. తాళంలో వాళ్ళు మీ మిగతా పిల్లలకంటే గట్టిగా ఉంటారు. సమం (తాళంలో మొదటి దెబ్బ) కంటే ముందు ఎత్తుకునే పాట వస్తే 'అతీత ఎడుపు' అంటే చాలు, వివరించక్కర్లేదు.

సమయం సంగతి కూడా చూసుకోండి. 24 పీరియడ్లంటే 16 గంటలు. కూర్చోవడానికి, శ్రుతికి ప్రతిసారీ 10 నిమిషాలు తీస్తే మిగిలేది 12 గంటలు. పైగా సంక్రాంతికి పిల్లలు ఊళ్ళకి పోతారు, తిరిగొచ్చాక సగం మర్చిపోతారు. డిసెంబర్ చివరికే పాట పూర్తయి ఉండాలి. రెండు పాటలకి మించి ఒప్పుకోకండి, ప్రిన్సిపల్ గారు అడిగినా సరే.

రెండో_బెంచి:
వృత్తి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. కండక్టర్ అవ్వాలంటే ముందు ఒక వాయిద్యం గట్టిగా రావాలి. జుబిన్ మెహతా 1954లో వియన్నా వెళ్ళి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నారు, అక్కడ డబుల్ బేస్ కూడా వాయించేవారు. 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచారు. మీ వయొలిన్ గ్రేడ్ 8 అయ్యాక లండన్ ట్రినిటీ కాలేజీ ఇచ్చే ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్ డిప్లొమాలు చూడండి. ఏబీఆర్ఎస్ఎం (ఇంకో బ్రిటిష్ సంగీత పరీక్షల బోర్డు) దారిలో గ్రేడ్ 6కి పోవాలంటే ముందు గ్రేడ్ 5 థియరీ లేదా దానికి సమానమైనది ఉండాలి. పియానో మీద నాలుగు వరుసల స్కోరు చూసి వాయించడం ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రవేశపరీక్షల్లో చాలామంది తడబడేది అక్కడే.

విదేశీ కోర్సులకి వీడియో అడుగుతారు. కెమెరా వాయించేవాళ్ళ వైపు నుంచి మీ ముఖం, చేతులు కనబడేలా పెట్టాలి. ప్రేక్షకుల వైపు నుంచి తీసిన వార్షికోత్సవం వీడియోలో కనిపించేది మీ వీపు. ఈ జనవరిలోనే ట్రంపెట్ పక్కన ఒక ఫోన్ నిలబెట్టండి, రిహార్సల్ కూడా తీయండి.

జీతమిచ్చే సింఫనీ ఆర్కెస్ట్రా హైదరాబాద్‌లో లేదు. 2006లో ముంబైలోని ప్రదర్శన కళల కేంద్రం ఎన్‌సీపీఏలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అక్కడిది. ఇక్కడ బతుకుతెరువు స్కూళ్ళు, చర్చి కోయిర్లు, ట్యూషన్లు, అప్పుడప్పుడు స్టూడియో రికార్డింగులు. స్టూడియోలో హెడ్‌ఫోన్‌లో బీట్ లెక్క చెప్పే క్లిక్ వినబడుతుంది, వేగం మీ చేతిలో ఉండదు. అక్కడ కండక్టర్ పని ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ ఆపి మళ్ళీ తీయాలి అన్నంతవరకే.

రెండో పాటగా సినిమా పాట అనుకుంటుంటే: విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు మాత్రమే ప్రేక్షకులైన స్కూల్ ప్రదర్శనకి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. దాన్నే యూట్యూబ్‌లో పెట్టడం వేరే లెక్క. కానన్‌కి ఆ బాధ లేదు.

చిన్నకర్ర:
ఒకటి మర్చిపోయాను. ప్రదర్శన రోజు రంగురంగుల లైట్లు తిప్పొద్దని లైట్ల అబ్బాయికి ముందే చెప్పండి, పిల్లలకి పేజీ కనబడదు. స్టేజీ మీద పెడెస్టల్ ఫ్యాన్ పెడతారు, కాగితాలు ఎగురుతాయి. స్టాండుకి రెండు చొప్పున బట్టల క్లిప్పులు, మొత్తం 50 తెచ్చుకోండి.