కొత్త చేపల ట్యాంకులో గోధుమరంగు పాచి, తుడిచినా మళ్లీ వస్తోంది

సత్యనారాయణపురం, విజయవాడ:
రెండడుగుల ట్యాంకు కొత్తగా పెట్టాను. గప్పీలు, ఒక జత మాలీలు ఉన్నాయి. కార్పొరేషన్ కుళాయి నీళ్లే, క్లోరిన్ పోయే చుక్కలు వేసి పోస్తున్నా. ఇప్పుడు గులకరాళ్లు, ఫిల్టరు గొట్టం, అద్దాలు అన్నిటికీ గోధుమరంగు పాచి. వేలితో రాస్తే కాఫీపొడిలా ఊడొస్తుంది, రెండ్రోజుల్లో మళ్లీ తయారు. షాపతనేమో మొత్తం ఖాళీ చేసి కడిగి, పాచి మందు పోయమంటున్నాడు. లైటు పొద్దుట్నుంచి రాత్రి పడుకునేదాకా వెలుగుతూనే ఉంటుంది, పిల్లలు ఆర్పనివ్వరు.

గుణదల:
ఒక సక్కర్ ఫిష్ వేసేయండి బ్రదర్, అంతా నాకేస్తుంది.

బ్రాడీపేట, గుంటూరు:
సక్కర్ మాత్రం వద్దండీ. అడుగు దాటి పెరుగుతుంది, అది తినేదానికంటే వేసే రెట్టే ఎక్కువ. పెద్దదయ్యాక జనం కాలవలో వదిలేస్తారు. మన చెరువుల్లో రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే.

మీకొచ్చింది డయాటమ్స్, అంటే కంటికి కనపడనంత చిన్న గోధుమరంగు పాచి కణాలు. కొత్త ట్యాంకులో దాదాపు అందరికీ వస్తాయి. నీళ్లలో, ఇసుకలో ఉండే సిలికాతో పెంకు కట్టుకుంటాయి. ట్యాంకు కుదురుకుంటే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కుదురుకోవడమంటే చేపల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద పెరగడం. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపతను చెప్పినట్టు అన్నీ కడిగితే కథ మళ్లీ మొదటికి. పాచి మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, నత్తలూ రొయ్యలూ బతకవు. చచ్చిన పాచి కుళ్లితే అమ్మోనియా ఇంకా పెరుగుతుంది.

పాత ఏటీఎం కార్డుతో అద్దం గీకి, పైపుతో ఆ మడ్డి లాగేయండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద పెడితే క్లోరిన్‌కి బ్యాక్టీరియా పోతుంది. లైటు ఆరు గంటలు చాలు, ప్లగ్గుకి టైమర్ పెట్టండి. పిల్లల్తో గొడవే ఉండదు. మేత రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. మన పిల్లలు గుప్పిళ్లతో వేస్తారు, సగం పాచి దానివల్లే.

సత్యనారాయణపురం:
థాంక్సండీ, మందు సీసా తిరిగిచ్చేస్తా. మొక్కలు వేస్తే మంచిదంటున్నారు, ఏలూరు కాలవలో నాచు బోలెడుంది, తెచ్చుకోవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
మొక్కలు మంచివే, పాచికి అందాల్సిన తిండి అవి తినేస్తాయి. కానీ కాలవ నాచుతో జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల గప్పీ పిల్లల్ని ఒక్కటి మిగల్చదు. పొలాల మందు సంగతి సరేసరి. షాపులో హార్న్‌వర్ట్ రెండు కట్టలు తీసుకోండి, నాటే పని లేదు, నీళ్లలో వదిలేస్తే అదే పెరుగుతుంది. ఇంతకీ ట్యాంకు కిటికీ పక్కనుందా? ఎండ పడితే ఈ గోధుమది పోయాక నీళ్లు పాచితో ఆకుపచ్చగా మారడం మొదలవుతుంది. ఇప్పుడే జరిపేయండి, చేపలు ఎక్కువయ్యాక కదపలేరు.