చెల్లి బరువు తగ్గడానికి యాడరాల్ వేసుకుంటోంది, ఎలా ఆపించాలి?

అందరికీ నమస్కారమండీ. మా చెల్లి డాలస్‌లో ఎమ్మెస్ చదువుతోంది. సంక్రాంతి తర్వాత పెళ్లి. ఆలోపు సన్నబడాలని, రూమ్మేట్‌కు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) కోసం డాక్టర్ రాసిన యాడరాల్ మాత్రలు తను వేసుకుంటోంది. "ఆకలే వేయట్లేదక్కా" అని సంబరంగా చెప్పింది. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

వీడియో కాల్‌లో మొహం పీక్కుపోయి కనిపిస్తోంది. నిద్ర లేదు, గుండె దడ అంటోంది, చిన్న మాటకే విసుక్కుంటోంది. పగలంతా కాఫీతో గడిపేసి, మందు ప్రభావం దిగాక అర్ధరాత్రి దొరికిందల్లా తింటోందట. నిజానికి పెళ్లికొడుకు వాళ్లెవరూ తన బరువు గురించి ఒక్క మాట అనలేదు.

యాడరాల్ అనేది యాంఫెటమిన్ మందు, అంటే మెదడును ఉత్తేజపరిచే రకం. బీపీ, గుండె వేగం పెంచుతుంది, అలవాటైపోయే ప్రమాదమూ ఉంది. ఇదే కోవకు చెందిన వైవాన్స్‌ను 2015లో అతిగా తినే జబ్బుకు ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతించింది కానీ, బరువు తగ్గడానికి వాడే మందు కాదని లేబుల్ మీదే ఉంది. పైగా ఒకరి మాత్రలు ఇంకొకరు వాడటం అక్కడ నేరం. వీసా మీదున్న పిల్ల, అదొక టెన్షన్.

అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పండి, యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో నిజం చెప్పుకుంటే విషయం బయటికి పోకుండా ఉంటుందా? ఇలా వాడి మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మానేశాక నీరసం, దిగులు వస్తాయంటున్నారు, డాక్టర్ ఎలా సాయం చేశారు? అన్నిటికంటే ముఖ్యం, తను ఫోన్ పెట్టేయకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? అమ్మకు ఇప్పుడే చెప్పాలా?