అప్‌డేట్: టర్కీ తువాలు మీది పువ్వుల సంగతి

ఇస్తాంబుల్‌లో కొన్న పాత తువాలు ఫొటో పెట్టి, అంచు మీద కుట్టిన పువ్వులేమిటి, ఏ కాలానివి అని అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. భూతద్దం పెట్టి చూశాక కొన్ని సంగతులు తేలాయి.

విసనకర్రలా విప్పుకుని, పైఅంచు పళ్లు పళ్లుగా ఉన్నది కార్నేషనే. తులిప్ అన్నవాళ్లకు ఒక మాట: ఒట్టోమన్ (పాత టర్కీ సామ్రాజ్యం) కళలో తులిప్ రేకులు సన్నగా, పొడుగ్గా, కొసదేరి ఉంటాయి. తులిప్, కార్నేషన్, గులాబీ, హయసింత్ కలిసిన ఈ జట్టుకు 16వ శతాబ్దంలో సుల్తాన్ సులేమాన్ ఆస్థాన చిత్రకారుడు కారా మెమీ పేరు తెచ్చాడు. టర్కీలోని ఇజ్నిక్ ఊరి రంగుల టైల్స్ మీదా, పట్టు బట్టల మీదా, కుట్టుపనిలోనూ అవే పూలు కనిపిస్తాయి.

నా తువాలు మాత్రం అంత పాతది కాదు. ఒకే రేకులో లేత గులాబీ నుంచి ముదురు దాకా ఛాయలు మార్చడం 18, 19 శతాబ్దాల పద్ధతి. అమ్మినతను "సుల్తాన్ల కాలం" అన్నాడు. అబద్ధమేం కాదులెండి, 1922 దాకా సుల్తాన్లు ఉన్నారు!

అసలు గొప్పతనం వెనకవైపు ఉంది. ఎక్కడా ముడి కనబడదు, రెండు వైపులా అదే పువ్వు. మెరిసేది జరీ: పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నటి లోహపు రేకు. ఒకచోట అది ఊడి లోపలి పసుపు పట్టు బయటపడింది. అందుకే ఉతకొద్దన్న సలహా పాటిస్తున్నాను. ఫ్రేమ్ కట్టించేటప్పుడు రెండు వైపులా గాజు పెట్టమని చెప్పాను.